మచ్చు బొంతకు మెరూన్ అంచు

లీదియాకు కోపం ఎక్కువని రాచర్ల చుట్టుపక్కల పల్లెల్లో అందరూ అంటారు. నేనూ చాలాకాలం ఆ మాట నమ్మాను. తరువాత ఆమె కోపగించుకున్న సందర్భాలను, గుర్తున్నంతవరకు, ఒక్కొక్కటిగా విచారించి చూశాను. నెల రోజులు కూర్చుని కుట్టిచ్చిన బొంతను మేకపిల్లల కింద పరిచిన ఒక ఆసామి మీద కేకలు వేసింది. నడుస్తున్న మిషను చక్రం దగ్గర పసిబిడ్డను వదిలిన ఒక తల్లి మీద కేకలు వేసింది. "పాత గుడ్డలేగా, దీనికి ఇన్ని రోజులా?" అన్న పాస్టరుగారి భార్యతో ఆరు నెలలు మాట్లాడలేదు. వీటిలో కారణం లేని కోపం ఒక్కటీ లేదు. కొలతకు మించినవి ఒకటి రెండు ఉన్నాయి. ఆమె గురించి రాసేవాడు రెండు మాటలూ చెప్పాలి.

కిందటి ఏడాది గిద్దలూరులో జరిగిన దానికి ఆమెకు వచ్చిన కోపం మాత్రం కొలతకు మించినది కాదు. అది చూసి నాకూ కోపం వచ్చింది. రాస్తున్న ఈ పూట కూడా అది తగ్గలేదు.

లీదియాకు యాభై ఎనిమిదేళ్లు. పుట్టినదీ మెట్టినదీ రాచర్ల మండలంలోనే. తల్లి కరుణమ్మ కూలిపనులు లేని రోజుల్లో బొంతలు కుట్టేది. పెద్ద ఇళ్లవాళ్లు చిరుగుపట్టిన చీరలు ఇచ్చేవారు. తల్లీకూతుళ్లు వాటిని పొరలుగా పరిచి, వసారాలో నేలమీద కూర్చొని, సూదితో కుట్టి ఇచ్చేవారు. ఏ ఇంట్లోనూ వాళ్లకు కుర్చీ వేయలేదు. బొంత కుట్టేది నేలమీదే గనుక కుర్చీ అవసరం రాలేదని ఒకాయన నాతో వాదించాడు. పని ముగిశాక మజ్జిగ ఇచ్చేటప్పుడు కూడా వేయలేదు. కాబట్టి ఆ వాదం నిలవదు.

లీదియా భర్త యోసేపు మార్కాపురంలో పలకలు కోసే చోట ఇరవై రెండేళ్లు పనిచేశాడు. రాతిదుమ్ము రొమ్ములో చేరి, ఇప్పుడు మంచం మీద కూర్చొని దగ్గుతుంటాడు. పనిచేసిన రోజుల్లో మూలలు విరిగిన పలకలు ఇంటికి తెచ్చేవాడు. లీదియా వాటి మీద బలపంతో గీతలు గీయడం మొదలుపెట్టింది. ఒకసారి ఆనించిన బలపం మళ్లీ ఎత్తకూడదు, గీసిన గీతను దాటకూడదు, పలక నాలుగు మూలలూ నిండాలి. ఆ నియమం ఎవరూ చెప్పింది కాదు, ఆమె తనకు తాను పెట్టుకున్నది. ఏడో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి అలా నాలుగేళ్లు పలకలు నింపింది.

పాత కాలు మిషను ఒకటి ఇంటికి వచ్చాక ఆ గీతలు గుడ్డమీదికి ఎక్కాయి. కుట్టు మిషనులో సూది కింద ఇనుప పళ్లు ఉంటాయి. అవి గుడ్డను పట్టి ముందుకు నెడతాయి గనుక కుట్టు తిన్నగా పోతుంది. లీదియా ఆ పళ్ల మీద రేకుముక్క బిగించి కప్పేసింది. ఇక గుడ్డను నడిపేవి రెండు చేతులే. కాలు ఒకే వేగంతో తొక్కాలి, చేతులు బొంతను సూది కింద బలపం తిరిగినట్టు తిప్పాలి. చెయ్యి తొందరపడితే కుట్లు పొడుగవుతాయి, తడబడితే ఒకేచోట దారం ముద్ద కడుతుంది. పట్నాల్లో దీనికి ఫ్రీ మోషన్ క్విల్టింగ్ అని పేరున్నట్టు ఆమెకు తెలియదు. 'పళ్లు మూసి కుట్టడం' అనేది.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. బొంత కుట్టిన చెయ్యి దాని అంచు మూయకూడదు. పొరలన్నీ బయటికి కనిపించకుండా నాలుగు వైపులా వేసే పట్టీని ఇంట్లో ఇంకొక ఆడమనిషి కుట్టాలి. అంచు కూడా తనే మూసుకుంటే అది ఒక్కదాని బొంత అవుతుందనీ, ఇంటి బొంత కాదనీ కరుణమ్మ చెప్పేది. కరుణమ్మ కుట్టినవాటికి లీదియా అంచు మూసేది. లీదియా కుట్టినవాటికి ఎనిమిదేళ్లుగా కోడలు ఇందు మూస్తున్నది.

ఇంకొక సంగతి. లీదియా కుట్టిన బొంత ఎన్నిసార్లు ఉతికినా ఒక గుడ్డ రంగు పక్క గుడ్డకు అంటదు. ఎందుకని ఎవరడిగినా ఆమె చెప్పేది కాదు. చెప్పవద్దని తల్లి ఒట్టు వేయించుకుంది. ఆ రహస్యం ఏమిటో నాకు కిందటి ఏడాదే తెలిసింది.

గిద్దలూరులో స్త్రీలకు చేతిపనులు నేర్పే కేంద్రం ఒకటి ఉంది. దాన్ని నడిపే శ్యామలమ్మకు నలభై ఆరేళ్లు. డిగ్రీ చదివింది. రెండు అద్దెగదులతో మొదలుపెట్టి, పదేళ్లుగా ఎవరి ప్రోత్సాహమూ లేకుండా దాన్ని నిలబెట్టింది. ఈ మాట ముందే చెప్పడం న్యాయం, ఎందుకంటే తరువాత చెప్పబోయేవి ఆమెకు గౌరవం తెచ్చేవి కావు. నేను రిటైరైన హెడ్మాస్టరును గనుక ఆ కేంద్రం సలహా సంఘంలో నా పేరు కూడా చేర్చారు.

శ్యామలమ్మ ఒకరోజు లీదియా ఇంటికి వెళ్లి, ఆమె పని చూసి, ఈ కుట్టు నేర్పే తరగతి పెడదామన్నది. లీదియాయే టీచరు. అయితే ముందుగా ఒక మచ్చు బొంత కుట్టి చూపాలి. ఇరవై గళ్లు, గడికొక రకం కుట్టు. గోడకు వేలాడదీస్తే నేర్చుకునేవాళ్లకు అదే పాఠ్యపుస్తకం. తరగతికి డబ్బు ఇవ్వడానికి విజయవాడ నుంచి వచ్చే అతిథులు దాన్ని చూసి సరేనంటే ఉద్యోగం ఖాయం.

"అత్తా, నీకు కుర్చీ ఏస్తారంట!" అన్నది ఇందు, ఆ సాయంత్రం నా ఎదుటే.

"కుర్చీలో కూచుంటే ఈమె కాళ్లు మిషనుకు అందుతాయా?" అన్నాడు మంచం మీది నుంచి యోసేపు.

"నువ్వు నోరు మూసుకొని దగ్గు. ఇన్నేండ్లు దేని మీద కూచోని కుట్టినా? స్టూలు మీద. కుర్చీకి వీపు ఉంటాది. అదీ తేడా."

ఆమె హాస్యానికి అనలేదు. ఆ కుర్చీ ఆమెకు ఎంత ముఖ్యమో నాకు అప్పుడే అర్థమైంది.

మచ్చు బొంతకు ఆమె వేసుకున్న పథకం నేను స్వయంగా చూశాను. ఇరవై గళ్లలో తెలుపు ఆరు, నీలి ఐదు, ఆకుపచ్చ నాలుగు, పసుపు మూడు, ఎరుపు రెండు. తెల్లగుడ్డ, చర్చిలో రొట్టె, ద్రాక్షరసం తీసుకునే సంస్కారపు ఆదివారాల్లో కట్టి కట్టి వెన్నలా మెత్తబడిన చీరలది. ఒక గడిలో మేకలు నడిచే బాట, ఒకదానిలో పొగాకు ఆకు ఈనెలు, ఒకదానిలో తేనెపట్టు, ఒకదానిలో ఎండాకాలపు గుండ్లకమ్మ ఇసుకలో పారే సన్నపాయ. ఏ గడిలోనూ దారం మధ్యలో తెగలేదు. ప్రతి కుట్టునూ ముందు పలకమీద గీసి, అక్కడ కుదిరాకే గుడ్డమీద గీసింది.

ఒకరోజు నేను వెళ్లేటప్పటికి మూడు గంటలైంది. ఇంకా కలిపి కుట్టని గళ్లన్నీ చాపమీద పేర్చి ఉన్నాయి.

"ఇప్పుడు చూడగూడదు సారూ. దీపాల ఏళకు చూడాల."

"చీకటి పడితే రంగులేం కనిపిస్తాయి?"

"కనిపియ్యవు. అందుకే గదా. ఎరుపు, పచ్చ, నీలం అన్నీ పోతాయి. ముదురేదో లేతేదో అంతే మిగులుతాది. అప్పుడు గూడ కన్ను ఈ మూల నుంచి ఆ మూలకు తట్టుకోకుండా నడిచిందా, పేర్పు కుదిరినట్టు."

అందువల్ల దీపాల వేళ దాకా ఉన్నాను. వెలుగు తగ్గుతుండగా రంగులు ఒక్కొక్కటే వెనక్కు తగ్గాయి. తెల్లగళ్లు మాత్రం పైమూల నుంచి కిందిమూలకు మెట్లలాగా నిలిచాయి. లీదియా గుమ్మంలో నిలబడి, కళ్లు సగం మూసి చూసింది. "ఈడ గుంత పడింది" అని, పక్కపక్కన పడిన రెండు నీలి గళ్లలో ఒకదాన్ని తీసి పసుపు పక్కన పెట్టింది. ఆ గుంత నాకు అంతకుముందు కనిపించలేదు. తీశాక కనిపించింది. ఇలా పంతొమ్మిది సాయంత్రాలు పేర్చి, తీసి, మళ్లీ పేర్చిందని ఇందు చెప్పింది. ఆ బొంతలో ఏదీ అదాటున కుదిరింది కాదని చెప్పడానికి ఈ సంఖ్య రాస్తున్నాను.

అంచుకు తల్లి కట్టిన బూడిదరంగు వాయిల్ చీర తీసిపెట్టింది. మూల నుంచి మూలకు ఏటవాలుగా కోసి, ముక్కలు కలిపి, సన్నటి పట్టీ చేసి, చుట్టచుట్టి పెట్టెలో ఉంచింది. ఏటవాలుగా కోసిన పట్టీ సాగుతుంది, మూలల్లో లావు కట్టదు. రంగు ఎందుకు అదే అని అడిగాను.

"చేనికి గట్టు మాదిరి ఉండాల సారూ. చేను చూసేటోడికి గట్టు అడ్డం రాగూడదు."

గళ్లన్నీ కుట్టడం పూర్తయి, అంచు ఒక్కటే మిగిలిన రోజున శ్యామలమ్మ మెరూన్ రంగు కొత్త గుడ్డ ఒక చుట్ట తీసుకొని వచ్చింది. అప్పుడు జరిగిన సంభాషణను శ్యామలమ్మ, లీదియా, ఇందు ముగ్గురూ నాకు వేర్వేరుగా చెప్పారు. మూడూ కలిశాయి గనుక ఇక్కడ రాస్తున్నాను.

"లీదియమ్మా, అంతా బాగుంది. ఈ బూడిదరంగు అంచు మాత్రం వద్దు. ఫోటోలో అసలు కనపడదు. మెరూన్ వేస్తే ఒక లుక్ వస్తుంది."

"ఒద్దమ్మా."

"ఎందుకు?"

"ఒద్దంటే ఒద్దు."

"కారణం చెప్పండి మరి."

"నా బొంతకు కొత్త గుడ్డ ఆనదు."

"ఆనకపోవడమేమిటి? అంచు కూడా పాతగుడ్డే అంటే వచ్చినవాళ్లు ఏమనుకుంటారు?"

"పాతగుడ్డలతోనే చేసినా. అనుకోనీ."

శ్యామలమ్మ ఆ చుట్టను ఇందు చేతికిచ్చి, "ఉంచమ్మా, మీ అత్త మనసు మారితే పనికొస్తుంది" అని వెళ్లిపోయింది.

ఆ వారమే దర్శిలో లీదియా అక్క చనిపోయింది. లీదియా వెళ్లి, సమాధి చేసి, మూడోనాటి ప్రార్థన దాకా అక్కడే ఉన్నది. రెండోరోజు మధ్యాహ్నం శ్యామలమ్మ ఆటోలో వచ్చి, అతిథులు శనివారమే వస్తున్నారని, మెరూన్ అంచు వేసి ఇవ్వమని ఇందుతో అన్నది.

"అత్త ఒద్దనింది గదా మేడం."

"మాట్లాడాను. పరవాలేదు, వేసెయ్."

మాట్లాడలేదు. రెండుసార్లు ఫోను చేసింది. చావు ఇంట్లో ఉన్న మనిషి ఫోను ఎత్తలేదు. "ఎత్తలేదంటే అభ్యంతరం లేదనుకున్నాను" అని శ్యామలమ్మ తరువాత నాకు చెప్పింది. నలభై ఏళ్లు పాఠాలు చెప్పిన నేను ఇంత చెడ్డ తర్కం ఏ జవాబుపత్రంలోనూ చూడలేదు.

అంచు మూయడం ఇందు వంతే గనుక ఆమె మూసింది. శుక్రవారం బొంత కేంద్రానికి చేరింది. నీలి గళ్ల మీద బలపపు గీతలు అక్కడక్కడా మిగిలి ఉన్నాయని శ్యామలమ్మ వాటిని తడిగుడ్డతో తుడిపించింది. తడి ఆరకముందే మడతపెట్టించి, ముడతలు పోవాలని మీద ఒక ట్రంకుపెట్టె ఉంచింది. శనివారం ఉదయం విప్పి గోడకు వేలాడదీశారు. ఆరు తెల్లగళ్లలో నాలుగింటి మీద రక్తం ఆరినట్టు ఎర్రటి మరకలు.

లీదియా దర్శి నుంచి బస్సులో నేరుగా గిద్దలూరుకు వచ్చింది. నిద్రలేని కళ్లతో వచ్చి వెనక వరసలో కూర్చున్నది. తన బొంతను తాను వేయని అంచుతో, తాను చేయని మరకలతో, అతిథులు చూసిన క్షణంలోనే ఆమె కూడా చూసింది. అతిథుల్లో ఒకామె మరకలేమిటని అడిగింది.

శ్యామలమ్మ చెప్పింది: "పాతగుడ్డలు కదండీ, రంగు దిగింది. ఆమె చెయ్యి మంచిదే. గుడ్డల గురించి శాస్త్రీయంగా తెలియదు పాపం. అందుకే టీచరును బయటి నుంచి పిలిపించే ఆలోచనలో ఉన్నాం."

లీదియా లేచి నిలబడింది.

"ఎవురు ఏసినారు ఆ అంచు?"

శ్యామలమ్మ అతిథుల వైపు తిరిగింది.

"నేను అడుగుతన్నది గోడను కాదు. ఎవురు ఏసినారు?"

నీళ్ల క్యాన్ల దగ్గర నిలబడిన ఇందు తల దించుకున్నది. లీదియా అది చూసింది. బయటికి వెళ్లిపోయింది. నేను ముందు వరసలో కూర్చునే ఉన్నాను.

సోమవారం పొద్దున్నే ఆమె ఒక గోతం భుజాన వేసుకొని మా ఇంటికి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సారూ, నువ్వు ఆ సంగంలో ఉండావు. శనివారం ఆడనే కూచోని ఉండావు. నోట్లో ఏం పెట్టుకున్నావు?"

"విచారించకుండా మాట్లాడే అలవాటు నాకు లేదు లీదియా."

"ఆయమ్మ విచారించి మాట్లాడిందా?"

ఆమె గోతం నేలమీద బోర్లించింది. వందల తెల్లటి పేలికలు. ప్రతి పేలికకూ ఒక రంగుగుడ్డ ముక్క కుట్టి ఉన్నది. ఏమిటివి అని అడిగాను. ఆమె మొహం చూస్తే ఒట్టు తప్పడం ఎంత కష్టమో తెలిసింది.

"ఏ గుడ్డనైనా ముందు కుండలో ఉప్పు ఏసి ఉడకబెడతా. దాంతో పాటు తెల్లపేలిక ఏస్తా. పేలిక తెల్లగానే బయటికొస్తే ఆ గుడ్డ బొంతకు పోతాది. రంగు అంటిందా, మళ్లా ఉడకబెడతా. మూడుసార్లకూ అంటుతానే ఉంటే అది నా బొంతలోకి రాదు. మా అమ్మ చేసింది. నేను చేసినా."

మచ్చు బొంతలోని రంగుగుడ్డలకు చెందిన పేలికలు తొమ్మిది. ఎరుపువి రెండు మొదట చూశాను. తొమ్మిదీ తెల్లగా ఉన్నాయి.

"మెరూన్‌కు పేలిక?"

"అది నా కుండలో పడలే సారూ. నా ఇంట్లో పడింది అంతే."

మంగళవారం కేంద్రంలో మేము నలుగురం కూర్చున్నాం: శ్యామలమ్మ, లీదియా, ఇందు, నేను. అత్తాకోడళ్లు ఒకే ఆటోలో వచ్చారు, ఒక్కమాట మాట్లాడుకోకుండా. బొంతను గోడనుంచి దింపించి, శుక్రవారం ఎలా మడతపెట్టారో అలాగే పెట్టమన్నాను. మడతల గీతలు ఇంకా పోలేదు గనుక తప్పడానికి వీల్లేదు. మడత పెడుతుంటే ఒక్కొక్క మరకా వెళ్లి మెరూన్ అంచుకు ఆనుకున్నది. మరకలు ఏడు. ఏడింటికి ఏడూ ఆనుకున్నాయి. ఎర్రగళ్ల పక్కనున్న తెల్లగడిలో ఒక్క చుక్క లేదు.

అంతటితో ఆగలేదు. నా జేబురుమాలు తడిపి ఎర్రగడి మీద ఒత్తిపట్టాను. రుమాలు తెల్లగా వచ్చింది. మెరూన్ అంచు మీద పట్టాను. ఆ రుమాలు ఇప్పుడు దేనికీ పనికిరాదు.

శ్యామలమ్మ దాన్ని చూసి తల తిప్పుకున్నది.

"ఆ క్షణంలో ఏం చెప్పాలో తోచలేదు మాస్టారూ. అతిథులు అడిగారు..."

"తోచనప్పుడు తెలియదు అనవచ్చు. అంచు మేమే మార్చాం, ఎందుకైందో చూస్తాం అనవచ్చు. మీరు ఒక మనిషి పేరు చెప్పారు. ఆమె పక్షాన మాట్లాడేవాళ్లు లేరని తెలిసి చెప్పారు."

నా గొంతు అంత గట్టిగా లేచి చాలా ఏళ్లయింది. పక్కగదిలో కుడుతున్న మిషన్లు ఆగిపోయాయి.

లీదియా మాత్రం కోడలి వైపు తిరిగి ఉన్నది. "ఒద్దన్నానని నీకు తెలుసు గదే. తెలిసి ఎట్ల ఏసినావు?"

ఇందు అప్పటిదాకా ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"ఒద్దన్నావు. ఎందుకొద్దో ఆమెకూ చెప్పలే, నాకూ చెప్పలే. నువ్వు ఎన్నిటికి ఒద్దంటావత్తా! సాయంత్రమైతే టీవీ ఒద్దంటావు. పప్పులో ఉల్లిగడ్డ ఒద్దంటావు. నీ కొడుకు ఆటోకు పూలదండ ఒద్దంటావు. ఇన్ని ఒద్దుల్లో రంగు దిగే ఒద్దు యాదో నాకెట్ల తెలుస్తాది?"

"ఇందూ, కుండ సంగతి నీకు తెలుసా?" అని అడిగాను.

"ఏ కుండ సార్?"

లీదియా తెచ్చిన గోతంలోని పేలికలు తీసి ఆమెకు చూపించాను. ఆమె ఒక్కొక్కటి తిప్పి చూసింది. చూస్తున్నకొద్దీ మొహం ఎర్రబడింది.

"దీనికా? గుడ్డలు తెచ్చినప్పుడల్లా నన్ను దుకాణానికి పంపిచ్చేది దీనికా? ఉప్పు అయిపోయింది, పోయి తేపో అనేదానివి. ఎనిమిదేండ్లుగా నీ బొంతలకు అంచు మూస్తన్నా. నేను ఇంటి మనిషిని కాదా అత్తా?"

లీదియా పేలికలను ఒక్కొక్కటిగా గోతంలోకి ఎత్తడం మొదలుపెట్టింది.

నేను ఒక పేజీ నివేదిక రాశాను. రంగు దిగింది కేంద్రం తెచ్చిన అంచు నుంచి, తడితో మడతపెట్టించింది కేంద్రమే, నిందను లీదియా మీద వేయడం అబద్ధమూ అన్యాయమూ అని రాశాను. ఇందు తప్పు లేదని రాశాను. చివర, ఆ గుడ్డ ఎందుకు వద్దో లీదియా ఒక్కమాట చెప్పి ఉంటే ఇది జరిగేది కాదని కూడా రాశాను. సంతకం పెట్టేముందు ఆమెకు చదివి వినిపించాను.

"నా తప్పు గూడ రాసినావా?"

"రాశాను."

"మా అమ్మ మాట తప్పంటావా సారూ?"

"మీ అమ్మ కాలంలో తప్పు కాకపోవచ్చు. ఆమెకు ఆ కుండ తప్ప వేరే బలం లేదు. నువ్వు టీచరు కావాలనుకుంటున్నావు. టీచరు కుండ దాచుకుంటే తప్పే."

"ఆయమ్మకు పది లైన్లు రాసినావు, నాకు రెండు రాసినావు. ఆ రెండే అందరూ చదువుతారు. చూస్తా ఉండు." అని వెళ్లిపోయింది. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. నివేదికలో ఆ రెండు వాక్యాలు నేను తీసేయలేదు. ఆమె భయం అబద్ధం కాదని మాత్రం ఒప్పుకోవాలి. ఊళ్లో చాలామంది ఆ రెండే చదివారు.

అతిథులకు నిజం చెబుతూ శ్యామలమ్మ ఉత్తరం రాయాలని సంఘం తీర్మానించింది. మొదటి ఉత్తరంలో 'పొరపాటున రంగు దిగినది' అని రాసింది. ఎవరి పొరపాటు అని తిప్పి పంపాను. రెండోదానిలో 'సిబ్బంది పొరపాటు' అని రాసింది. అదీ తిప్పి పంపాను. మూడోదానిలో 'నేను' అని రాసింది. అతిథులు లీదియాను టీచరుగా ఒప్పుకుంటూ జవాబు పంపారు.

లీదియా వెంటనే సరే అనలేదు. కేంద్రానికి వచ్చి, ముందు మెరూన్ అంచు మొత్తం కుట్టు కుట్టూ విప్పింది. మరకలు పడిన గళ్లను మార్చడానికి వీల్లేదు. మూడు పొరలూ కలిపి కుట్టినవి, తీస్తే బొంతే పోతుంది. రెండుసార్లు ఉతికింది. ఎరుపు గులాబీరంగుకు దిగి, అక్కడే ఆగిపోయింది.

"వెనకవైపు తిప్పి వేలాడదీద్దామా?" అని శ్యామలమ్మ మెల్లగా అడిగింది. "కుట్లు ఆ వైపు కూడా కనిపిస్తాయి కదా."

"మరకలు మీరు ఏసినారు. మీ గోడమీదే, ముందరే ఉండాల. నేర్చుకోను వచ్చినోళ్లు అడుగుతారు. నువ్వే చెప్పాల. నేను చెప్పను."

శ్యామలమ్మ సరేనన్నది. చెబుతున్నదని విన్నాను, ప్రతి కొత్త జట్టుకూ.

తరగతి మొదలైన రోజు నేను వెళ్లాను. పదకొండుమంది ఆడవాళ్లు చాపల మీద కూర్చున్నారు. మిషను ముందు వీపున్న కుర్చీ, కొత్తది, వేసి ఉన్నది. లీదియా దానిలో కూర్చోలేదు. ఇంటి నుంచి తెచ్చిన కుండను స్టవ్ మీద పెట్టి, నీళ్లు పోసి, ఉప్పు వేసింది. అత్తతో పాటు కుండ మోసుకొచ్చి గుమ్మం దగ్గర నిలబడిన ఇందును పిలిచింది.

"ఇట్ల రా."

"నేనెందుకు? నేను చేరలే గదా."

"వచ్చి నిలబడు."

విప్పిన మెరూన్ పట్టీ ముక్క ఒకటి, తెల్లపేలిక ఒకటి కుండలో వేసింది. నీళ్లు మరిగాయి. పుల్లతో పేలికను పైకి తీసి అందరికీ కనిపించేలా పట్టుకున్నది. అది ఇక తెల్లపేలిక కాదు. వేడినీళ్లు ఆమె మణికట్టు మీదుగా కారుతున్నా పట్టించుకోలేదు.

"ఇది మా అమ్మ కుండ" అన్నది. పదకొండుమంది ముందు, ఇందు వైపు చూడకుండా అన్నది.

తరువాత అంచు లేని మచ్చు బొంతను మిషను మీద పెట్టి, ఇంటి పెట్టెలోంచి తెచ్చిన బూడిదరంగు పట్టీ చుట్ట తీసి ఇందు చేతిలో పెట్టింది.

"మూయి."

"ఇంత కోపంగా ఉండావు. ఇప్పుడే ఎందుకత్తా?"

"నా కోపానికీ అంచుకూ ఏం సంబంధం? కూచో."

కూర్చోవడానికి అక్కడ ఉన్నది ఆ కుర్చీ ఒక్కటే. ఇందు అత్త మొహం చూసి, కుర్చీని చూసి, చివరికి దానిలోనే కూర్చున్నది. లీదియా మిషను పళ్ల మీది రేకుముక్క తీసేసింది. అంచు తిన్నగా పోవాలి, దానికి పళ్లు కావాలి. ఆ మాట కూడా తరగతికి చెప్పింది. ఇందు తొక్కడం మొదలుపెట్టింది. రెండు మూలలు బాగా తిరిగాయి. మూడో మూల దగ్గర మడత లావుగా వచ్చింది.

లీదియా వంగి, బొటనవేలితో దాన్ని ఒత్తి చూసింది.

"ఇప్పు" అన్నది.

ఇందు పళ్లు బిగబట్టి, కత్తెర మొనతో కుట్లు తీయడం మొదలుపెట్టింది.